ఆవిరి ఓవెనులో నీరు నిలిచినపుడు
పెద్ద వంటశాలల తూములలో కలుగు లోపములు, వానిని కనుగొను విధము

హోటళ్లలోను, ఆసుపత్రులలోను, విద్యార్థి వసతిగృహములలోను, కర్మాగారముల క్యాంటీనులలోను ఒక్క పూటకు వందలమందికి వంట సిద్ధము కావలెను. ఇట్టి పెద్ద వంటశాలలు కొన్నింటిలో గ్యాసు పొయ్యిల ప్రక్కన మరియొక సాధనము చోటుచేసికొన్నది. అది ఆవిరి ఓవెను. వేడిగాలిని, నీటి ఆవిరిని విడివిడిగా గాని, రెంటిని కలిపి గాని వాడుకొనగల ఈ రకపు ఓవెను 1976లో జర్మనీ దేశమున వెలువడినది. ఇడ్లీలు, కూరలు, చేపలు, కోడిమాంసము అన్నియు ఒకే పెట్టెలో పెద్దమొత్తమున ఉడుకును. మనుష్యశ్రమ తగ్గును. పొగ బాధ లేదు. ఇన్ని సుగుణములు గల ఈ సాధనము మొరాయించు చోట్లలో ముఖ్యమైనది, అందరును మరచునది, దాని అడుగుననున్న తూము.

తందూరికి గాని, రొట్టెలు కాల్చు ఇటుక పొయ్యికి గాని తూముతో పనిలేదు. ఆవిరి ఓవెనుకు తూము లేనిదే గడవదు. ఒక లీటరు నీరు ఆవిరిగా మారినపుడు 1,600 లీటర్లకు పైగా చోటును ఆక్రమించును. ఆ ఆవిరి చల్లని పదార్థములను, లోపలి గోడలను తాకి తిరిగి నీరగును. ఆ నీటితోపాటు మాంసము నుండి కారిన క్రొవ్వు, మెతుకులు, మసాలా పొడి, రాత్రి కడిగిన మందునీరు, ఆవిరి పుట్టించు తొట్టి నుండి రాలిన సున్నపు పెచ్చులు, అన్నియు అడుగుననున్న ఒక్క రంధ్రము గుండానే బయటికి పోవలెను. ఆ రంధ్రముపైనున్న జల్లెడను శుభ్రపరచుట వంటశాలలో ఎవరి పని అని అడిగినచో స్పష్టమైన సమాధానము దొరకుట అరుదు.

తూము పూడినపుడు నేల తడిసి, పని ఆగును. ఇది చికాకే కాని ప్రమాదము కాదు. ప్రమాదమంతయు దానిని తొందరపడి "బాగుచేయుట"లో ఉన్నది. ఈ పుస్తకములో ముఖ్యముగా తెలుపదలచినది ఆ విషయమే.

గాలి ఎడము

సక్రమముగా అమర్చిన ఓవెనును వెనుకనుండి పరిశీలించినచో ఒక వింత కనబడును. ఓవెను నుండి వచ్చు గొట్టము మురుగు గొట్టముతో కలిసియుండదు. దాని కొన గాలిలో ఆగిపోవును. క్రింద ఒక గరాటు వంటిది గాని, నేల తూము గాని ఉండును. నీరు పైనుండి అందులోనికి జారిపడును. ఈ నడిమి ఖాళీని గాలి ఎడము అనవచ్చును. అది గొట్టపు వ్యాసమునకు రెండింతలుండుట మేలు. ఎట్టి పరిస్థితిలోను 25 మిల్లీమీటర్లకు తగ్గరాదు.

తెలియనివారికి ఇది పని సగములో విడిచినట్లు తోచును. ఎడము వద్ద నుండి ఆవిరి పైకి వచ్చును, నీటి తుంపరలు నేలపై పడును, అప్పుడప్పుడు వాసన వేయును. యజమాని విసిగి ప్లంబరును పిలుచును. ప్లంబరు ఒక రబ్బరు తొడుగు వేసియో, సిమెంటు పూసియో రెండు గొట్టములను ఏకము చేయును. నేల ఆరిపోవును, వాసన పోవును, అందరును సంతోషింతురు. ఆ క్షణము నుండి అన్నము ఉడుకు పెట్టెకును, వీధి మురుగుకును నడుమ అడ్డు అనునది లేదు.

వానకాలమున వీధి మురుగు కాలువ నిండి వెనుకకు తన్నినపుడు ఈ పని యొక్క ఫలితము తెలియును. ఎడము ఉన్నచోట మురుగు గరాటు నుండి పొర్లి నేలపై పరచుకొనును. అది అసహ్యమే అయినను, కంటికి కనబడును గనుక వెంటనే వంట ఆపుదురు. ఎడము మూసినచోట అదే మురుగు చప్పుడు లేకుండ ఓవెను అడుగునకు ఎక్కును. తలుపు మూసియుండుటచే ఎవరికిని తెలియదు. వాన తగ్గినపుడు అది దిగిపోవచ్చును. తెల్లవారి వచ్చిన వంటవానికి అడుగున సన్నని పొర తప్ప వేరొక ఆనవాలు మిగులదు.

వాన లేకున్నను భయము కలదు. వంట ముగిసి ఓవెను చల్లబడునపుడు లోపలి ఆవిరి నీరగును, దానితో లోపల ఒత్తిడి తగ్గును. అప్పుడు ఓవెను దొరికిన దారిని గాలిని లోనికి పీల్చును. గొట్టము కొన గాలిలోనున్నచో వంటశాల గాలి వచ్చును. మురుగు గొట్టముతో కలిసియున్నచో మురుగు గాలి వచ్చును.

మురుగునకును, మంచినీటికిని, ఆహారమునకును నడుమ ఎడము లేనిచో ఏమి జరుగునో లోకము ఒకసారి చూచినది. 1933లో అమెరికా దేశమున చికాగో నగరములో ప్రపంచ ప్రదర్శన జరిగినపుడు అక్కడి రెండు హోటళ్లలో దిగిన యాత్రికులకు అమీబా విరేచనములు వ్యాపించినవి. వెయ్యిమందికి పైగా జబ్బుపడిరి; 98 మంది మరణించిరి. పాతబడిన గొట్టముల అమరికలో మురుగునకును త్రాగునీటికిని సంబంధము ఏర్పడుటయే కారణమని విచారణలో తేలినది. ఆ గొట్టములు గోడలవెనుక ఉండెను. అతిథులకు గాని, వడ్డించినవారికి గాని అవి కనబడలేదు.

"ఓవెను వేడికి ఏ క్రిమి బ్రతుకును?" అని కొందరు వాదింతురు. ఈ వాదము పైకి బాగుగనే ఉన్నది. మరిగెడి ఆవిరిలో మామూలు క్రిములు చచ్చుట నిజమే. కాని ఓవెను ఎల్లపుడును మరుగుచుండదు. వండిన పదార్థమును వడ్డించువరకు అందులోనే గోరువెచ్చగా ఉంచువారు కలరు. అడుగునుండి తీసిన పళ్లెమును సలాడు కోయు బల్లపై పెట్టువారు కలరు. తడిసిన నేలపై నడచిన కాళ్లు, తుడిచిన గుడ్డ, ఆ గుడ్డను పట్టిన చేయి, ఇవి ఏవియు ఓవెనులో ఉడుకవు. అంతేకాదు, అన్నములో పెరుగు బాసిల్లస్ సీరియస్ అను క్రిమి ఒకసారి విషమును విడిచిన పిదప ఎంత వేడిచేసినను ఆ విషము పోదు.

లోపము ఎచ్చట ఉన్నది?

గాలి ఎడము వలన రక్షణయేగాక మరియొక ప్రయోజనమును కలదు. అది లోపమును రెండుగా విభజించి చూపును. ఎడమునకు పైనున్నది ఓవెను. దానిని బాగుచేయవలసినది ఓవెను పనివాడు. ఎడమునకు క్రిందిది భవనము. అది ప్లంబరు పని. ఎడము మూసినచోట ఈ ఇద్దరును ఒకరిపై నొకరు నెపము వేసికొనుచుండగా వారములు గడచును.

పరీక్ష సులభము. ఓవెనును ఆపి, పూర్తిగా చల్లారనీయవలెను. విద్యుత్తును గోడవద్దనే తీసివేయవలెను. లోపలి తూముపైకి రెండు లీటర్ల శుభ్రమైన నీటిని నెమ్మదిగా పోయుచు, మరియొకరు వెనుక ఎడమువద్ద చూచుచుండవలెను.

నీరు ఓవెనులో నిలిచి ఎడమువద్ద చుక్కచుక్కగా మాత్రమే పడుచున్నచో అడ్డు పైభాగముననే ఉన్నది. మొదట జల్లెడను చూడవలెను. దక్షిణదేశపు వంటశాలలలో ఇచ్చట దొరకునవి మెతుకులు, కరివేపాకు, ఎముక ముక్కలు, అల్యూమినియము రేకు తునకలు. జల్లెడను తీసి కడిగి తిరిగి పెట్టుటతో చాలసార్లు పని ముగియును. జల్లెడ అడ్డుగానున్నదని దానిని తీసి పారవేసి వంట సాగించుట మాత్రము కూడదు. జల్లెడలో ఆగవలసినది ఆపై వంపులో ఆగును. అచ్చటికి చేయి పోదు. ఇనుప ఊచతో పొడుచుటయు తగదు. కొన్ని ఓవెనులలో ఆ దారిలో రబ్బరు గొట్టములును, వేడిని కొలుచు సున్నితమైన కడ్డియు ఉండును. ఒక్క పోటుతో చిన్న అడ్డు పెద్ద మరమ్మతుగా మారును.

జల్లెడ శుభ్రముగానుండియు నీరు దిగనిచో సున్నపు పెచ్చులను అనుమానింపవలెను. బోరుబావి నీరు వాడు ఊళ్లలో ఇది సామాన్యము. త్రాగునీటికి భారతీయ ప్రమాణము ప్రకారము లీటరునకు 200 మిల్లీగ్రాముల వరకు కాఠిన్యము అంగీకారము. వేరు నీరు లేనిచోట 600 వరకు సహింపవచ్చును. మనిషి త్రాగుటకు సహింపదగిన నీరు ఆవిరి తొట్టికి సహింపరానిది కావచ్చును. అట్టి నీరు మరిగిన కొలది సున్నము పేరుకొని, పెచ్చులై రాలి, వంపులో కూర్చుండును. నీటిని మెత్తపరచు పరికరము లేనిదే ఎన్నిసార్లు తూము శుభ్రపరచినను పెచ్చులు మరల రాలుచునే ఉండును.

ఇక రెండవ పక్షము. ఓవెను నుండి నీరు ధారగా వచ్చుచున్నది గాని గరాటు నిండి పొర్లుచున్నది. ఇట్లున్నపుడు ఓవెనును ముట్టుకొన పనిలేదు. దోషము భవనపు గొట్టములలోనున్నది. కారణములలో క్రొవ్వుదే అగ్రస్థానము. వనస్పతి కరగు వేడి 31 నుండి 41 డిగ్రీల నడుమ ఉండును. ఓవెను నుండి వేడిగా దిగినపుడు నూనెవలె పారును. నాలుగడుగులు పోయి చల్లబడగానే గొట్టపు గోడకు అంటుకొనును. దానిపై గంజి చేరును. గంజియు క్రొవ్వును కలిసి గట్టిపడిన పొర సబ్బునకు లొంగదు. మరిగిన నీరు పోసినచో అప్పటికి కరగినట్లు కనబడి, మరికొంత దూరము పోయి, చేతికందని చోట మరల గడ్డకట్టును. అందువలన వేడినీటి చికిత్సను మంచి చికిత్స అనుటకు వీలులేదు. కోళ్లను కాల్చునపుడు క్రింద లోతైన పళ్లెమునుంచి క్రొవ్వును పట్టి వేరుగా తీసివేయుటయే మేలైన పని.

జిడ్డును ఆపుటకై పెద్ద వంటశాలలలో జిడ్డు తొట్టి కట్టుదురు. నీరు అందులో నిదానించి, క్రొవ్వు పైకి తేలి, మడ్డి అడుగునకు దిగి, నడిమి నీరు మాత్రము బయటికి పోవలెను. పైనున్న జిడ్డును, అడుగుననున్న మడ్డిని కలిపి తొట్టి లోతులో నాలుగవ వంతు నిండులోపుననే దానిని ఖాళీచేయవలెను. అంతకు మించినచో తొట్టి ఉండియు లేనట్లే. కొన్ని చోట్ల తొట్టి మూతపై బియ్యపు బస్తాలు పేర్చియుండుట కలదు. అట్టి వంటశాలలో తొట్టిని తుదిసారి ఎప్పుడు తెరచిరో అడుగనక్కరలేదు.

క్రొవ్వు లేకున్నను గరాటు పొర్లుచున్నచో గొట్టపు వాలును చూడవలెను. ప్రతి మీటరు పొడవునకు కనీసము 20 మిల్లీమీటర్ల వాలు అవసరము. ఇందు ఒక చిక్కు కలదు. కట్టిననాడు వాలు సరిగానుండియు, తరువాత పోవచ్చును. మామూలు పి.వి.సి. గొట్టము 60 డిగ్రీలకు మించిన నీటిని ఎడతెగక మోయజాలదు. మెత్తబడి నడుమ క్రుంగును. క్రుంగినచోట నీరు నిలిచి, క్రొవ్వు చేరును. దీనిని నివారించుటకే ఓవెను లోపల ఒక చిన్న కవాటము తూములోనికి చల్లని నీటిని చిమ్మి, వేడి నీటిని చల్లబరచి పంపును. ఆ కవాటము మూసుకొనిపోయి పనిచేయనిచో ఎడమువద్ద పొగలుగ్రక్కు నీరు వచ్చును. అట్టపుడు క్రుంగిన గొట్టమును మార్చి ఊరకుండిన చాలదు. కవాటమును ముందు సరిచేయింపవలెను, లేనిచో క్రొత్త గొట్టమును క్రుంగును. అదే కవాటము తెరచుకొని బిగిసిపోయినచో ఓవెను ఆపినను ఎడమునుండి సన్నని ధార రాత్రింబవళ్లు కారును. నీటి కరవున్న ఊరిలో ఇది చిన్న నష్టము కాదు.

గొట్టములు రెండును శుభ్రముగానుండి, పరీక్షలో నీరు చక్కగా దిగినను వంటవేళ నేల తడియుచున్నదా? అప్పుడు తలుపువైపు చూడవలెను. తలుపు చుట్టునున్న రబ్బరు పట్టీ చిరిగినను, తలుపు క్రింది చిన్న కాలువలో మెతుకులు నిండినను నీరు ముందువైపు కారును. ఇది ముందుగానే చూడదగిన సులభమైన విషయము. కాని గొట్టములన్నియు విప్పిన పిమ్మటనే చాలమందికి గుర్తుకువచ్చును.

మరియొక లక్షణము కలదు. నీరు గడగడమని చప్పుడు చేయుచు ఆగి ఆగి దిగును. గొట్టములో గాలి చిక్కుకొన్నదని దీని అర్థము. రెండు మూడు ఓవెనులను ఒకే గొట్టమునకు కలిపినచోట ఇది కలుగును. ఒక ఓవెను ఆవిరి, వాసన రెండవదానిలో ప్రవేశించుటయు కలదు. ఏ ఓవెను గొట్టము దాని ఎడమువరకు దానికే ప్రత్యేకముగా ఉండవలెను.

వాసన మాత్రమే ఉన్నపుడు

నీరు సరిగా పోవుచున్నది, అయినను దుర్వాసన. గరాటు క్రింద వంపు గొట్టము ఉండును. ఆ వంపులో ఎల్లపుడును కనీసము 50 మిల్లీమీటర్ల లోతున నీరు నిలిచి మురుగు గాలిని అడ్డగించును. పాఠశాల సెలవులలోను, ఓవెను మరమ్మతులో నున్నపుడును ఈ నీరు ఎండిపోవును. అప్పుడు తలుపు లేని ఇల్లయినట్లే.

2003లో హాంకాంగు నగరమున ఒక పెద్ద నివాసభవన సముదాయములో సార్స్ వ్యాధి 300 మందికి పైగా సోకినది. స్నానపు గదుల నేల తూములలోని వంపులు ఎండియుండుట, గాలిని బయటికి లాగు పంకాలు మురుగు గొట్టములలోని తుంపరలను గదులలోనికి పీల్చుట అందుకు దోహదముచేసినవని పరిశోధకులు తెలిపిరి. వంటశాల పైకప్పున పొగను లాగు పంకా స్నానపుగది పంకా కన్న ఎన్నోరెట్లు బలమైనది. ఎండిన తూము నుండి అది ఏమి లాగునో ఊహించుట కష్టము కాదు. వారమునకొకసారి ప్రతి నేల తూములోను ఒక చెంబెడు నీరు పోసిన ఈ భయము తీరును. ఇంత చౌకయైన ఔషధము వేరొకటి లేదు.

తూముల జిగురులో లిస్టీరియా అను క్రిమి నివాసమేర్పరచుకొనును. శీతల పెట్టెలోని చలిలో సైతము అది వృద్ధిపొందగలదు. గర్భిణులకు, శిశువులకు, వృద్ధులకు అది ప్రాణాంతకము కాగలదు. ఆసుపత్రి వంటశాల వండునది ఇట్టివారికే. అందుచే ఆహారము బల్లలపై నున్నపుడు తూమును పెద్ద ఒత్తిడిగల నీటి గొట్టముతో కడుగరాదు. తుంపరలతో క్రిములు పైకి లేచి ఆహారముపై వాలును. తూముకు వాడు కుంచె తూముకే ఉండవలెను. దాని పిడికి వేరు రంగు వేయించిన పొరపాటునకు తావుండదు.

పూడిన తూములో ఆమ్లము పోయువారు కలరు. ఓవెను కడుగు మందులు సాధారణముగా ఘాటైన క్షారములు. సున్నపు పెచ్చులకు వాడునవి ఆమ్లములు. వీనిని ఒకదానిపై నొకటి పోసినచో వేడి పుట్టి మొగముపైకి చిమ్మును. ఆమ్లము బ్లీచింగు పొడితో కలిసినచో క్లోరిను వాయువు వెలువడి ఊపిరితిత్తులను కాల్చును. నీరు నిలిచిన ఓవెనులో ముందురోజు కడిగిన క్షారము మిగిలియుండవచ్చును గనుక ఆ నీటిని వట్టి చేతితో తోడరాదు. రబ్బరు తొడుగులును, కంటి అద్దములును ధరింపవలెను.

మురుగు వెనుకకు వచ్చినపుడు

గరాటు పొర్లి మురుగు నేలపైకి గాని, ఓవెనులోనికి గాని వచ్చినచో వంట వెంటనే ఆపవలెను. ఓవెనులోనున్న ఆహారమును, నేలకు దగ్గరగానున్న తెరచిన పదార్థములను సంకోచింపక పారవేయవలెను. వందలమందికి వండిన అన్నమును పారబోయుటకు ఏ యజమానికైనను మనసొప్పదు. ఆ అన్నము తిన్నవారిలో పదిమంది ఆసుపత్రి పాలైనను కలుగు నష్టముతో పోల్చినచో అది స్వల్పము. 2006 సంవత్సరపు ఆహార భద్రత, ప్రమాణముల చట్టము క్రింద 2011లో ఏర్పరచిన నియమావళిలోని నాలుగవ షెడ్యూలు, ఆహారము తయారగు చోట మురుగు పారుదల ఆహారమును కలుషితము చేయని రీతిని ఉండవలెనని యజమానిపై బాధ్యత మోపుచున్నది.

అడ్డు వంటశాల దాటి బయటి గుంటలో నున్నదని తేలినచో దానిని తెరచి లోనికి మనిషిని దింపరాదు. గంజియు క్రొవ్వును కుళ్లిన గుంటలో హైడ్రోజను సల్ఫైడు అను విషవాయువు చేరును. మొదట కుళ్లిన గ్రుడ్ల వాసన వేయును; వాయువు ఎక్కువైనచో ముక్కు ఆ వాసనను పసికట్టు శక్తినే కోల్పోవును. వాసన తగ్గినదని దిగినవాడు అచ్చటనే కూలును, అతనిని లాగబోయినవాడును కూలును. మురుగు గుంటలను, సెప్టికు తొట్లను రక్షణ సాధనములు లేకుండ మనుష్యులచే శుభ్రపరపించుటను 2013 సంవత్సరపు చట్టము నిషేధించినది. చేయించినవారికి శిక్ష కలదు. వంటశాలలోని కుఱ్ఱవానికి కొంత సొమ్మిచ్చి దింపుట ఈ నేరమే. పురపాలక సంఘము వారి యంత్రమును గాని, అనుమతి గల వారి యంత్రమును గాని పిలిపింపవలెను.

అడ్డు తొలగిన పిదప నేలను, గరాటును, ఓవెను లోపలి భాగమును ముందు సబ్బునీటితో కడిగి, పిమ్మట క్రిమిసంహారక ద్రవముతో తుడిచి, మంచినీటితో మరల కడుగవలెను. ఎవరైన ఎడమును సిమెంటుతో గాని, తొడుగుతో గాని మూసియున్నచో దానిని అప్పుడే తెరపింపవలెను. తరువాత మొదటి పరీక్షనే మరల చేయవలెను. రెండు లీటర్ల నీరు ఓవెను నుండి ధారగా దిగి, ఎడమువద్ద తెగక పడి, గరాటులో నిలువక పోవుచున్నదని చూచి, జల్లెడను బిగించి, ఓవెనును ఖాళీగా ఒకసారి పూర్తి ఆవిరితో నడిపిన పిదపనే అందులో పళ్లెములు పెట్టవలెను.